మ్యాట్ కొనే ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ ఖాయమైందనీ, నాచారంలో ఇల్లు కూడా దొరికిందనీ విని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మెసేజ్ చివర్లో ‘అక్కడికొచ్చాక యోగా మ్యాట్ ఏది కొనాలి’ అని ఒక్క ముక్క అడిగావు. దానికి ఒక్క ముక్కలో జవాబు నా వల్ల కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు నువ్వు ఫోటో పంపిన ఆ 12 మి.మీ. మందం మ్యాట్ వద్దురా. మోకాళ్ల నొప్పి కదా, మెత్తగా ఉంటే సుఖమనుకున్నావు. ఆ స్పాంజి మ్యాట్లు పడుకుని చేసే ఎక్సర్‌సైజులకి బాగుంటాయి. వాటి మీద ఒంటికాలిపై నిలబడే వృక్షాసనం వేసి చూడు, పాదం కుదురుగా ఆనదు, చీలమండ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. చేతులు, పాదాలు ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనంలోనైతే అరచెయ్యి లోపలికి దిగిపోయి మణికట్టు మరింత వంగుతుంది. మోకాలి నొప్పికి తోడు అదొకటి ఎందుకు? నీకు 5, 6 మి.మీ. చాలు. ఉష్ట్రాసనం, మార్జాలాసనం వేసేటప్పుడు మోకాళ్ల కింద టవల్ మడిచి పెట్టుకో. గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి వేసుకునే ఆసనం గురించి ‘నాత్యుచ్ఛ్రితం నాతినీచం’ అని ఉంది. మరీ ఎత్తు వద్దు, మరీ పల్లం వద్దు అని. అది కూర్చోవడం గురించే అయినా, మ్యాట్ మందం చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

అసలు చూడాల్సింది పట్టు, అంటే జారకుండా నిలవడం. వరంగల్‌లో మీ పాతింట్లో గరుకు బండలు. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఎక్కడ చూసినా నున్నటి టైల్సే. పైగా నీ చేతులు! పరీక్ష రాస్తుంటే ఆన్సర్ షీట్ తడిసిపోయేది గుర్తుందా? మే నెలలో ఇక్కడ పొద్దున ఆరింటికే చెమటలు పడతాయి. మ్యాట్ కింద టైల్‌ని పట్టుకోవాలి, పైన నీ చెయ్యి జారకూడదు. ఈ రెండూ వేరు వేరు. షాపులో రెండూ చూడాలి.

ఇక దేనితో చేసిందన్నది. పీవీసీ అనే ప్లాస్టిక్‌వి చవక, ఏళ్ల తరబడి మన్నుతాయి. కానీ చాలావాటిలో ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు, చెమట పట్టిన చేతుల కింద అవి నాకు నచ్చవు. టీపీఈ, అంటే రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్, తేలిక, బ్యాగులో పెట్టుకుని ఇందిరా పార్కుకో, సంజీవయ్య పార్కుకో పోవచ్చు, కాకపోతే త్వరగా అరుగుతుంది. సహజ రబ్బరు పట్టుకి సాటి లేదు. బరువెక్కువ, కొత్తలో వాసన ఉంటుంది, ఖరీదూ ఎక్కువే, లేటెక్స్ (రబ్బరు పాలు) అలర్జీ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. నీకు అలర్జీ లేదు, మోసుకుని తిరిగే పనీ లేదు, ఇంట్లోనే చేస్తావు. కాబట్టి నా ఓటు రబ్బరుకే. పైన కార్క్, కింద రబ్బరు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. కార్క్ కాస్త తడి తగిలితేనే బాగా పట్టుకుంటుంది, నీ చేతులకి సరిగ్గా సరిపోతుంది.

‘మా నాన్న జంపఖానా మీదే చేసేవాడు’ అన్నావు చూడు, ఆ మాట చాలా నచ్చింది. ఈ జారని మ్యాట్లు మన తాతల నాటివి కావు. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్ జర్మనీలో కార్పెట్ కింద వేసే పొరను కత్తిరించి వాడుకోవడంతో ఇవి మొదలయ్యాయని చెబుతారు. ఆమెది నీకు పూర్తి వ్యతిరేకమైన ఇబ్బంది, ఒక ఆపరేషన్ తర్వాత చేతులకి, పాదాలకి చెమటే పట్టేది కాదట. బాగా పొడిబారిన చెయ్యి కూడా జారుతుంది మరి. అంకుల్ చేసిన పద్ధతి తప్పేం కాదు. మైసూరులో అష్టాంగ యోగా చేసేవాళ్లు ఇప్పటికీ రబ్బరు మ్యాట్ మీద నూలు గుడ్డ పరుచుకుంటారు. చెమట పీలుస్తుంది, ఉతుక్కోవచ్చు. ఒట్టి జంపఖానా టైల్స్ మీద మాత్రం వెయ్యకు, కాలు జారితే మోకాలే ముందు దెబ్బతింటుంది.

ఇంకో సంగతి, మామూలు మ్యాట్ 173 సెం.మీ. పొడవుంటుంది, అంటే అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. ఆరడుగుల మనిషివి, శవాసనంలో మడమలు చల్లటి టైల్ మీదకి పోతాయి. పొడవుది అడిగి తీసుకో.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకు. వచ్చిన ఆదివారమే అబిడ్స్ వైపు పోదాం. మ్యాట్ విప్పించి, సిగ్గుపడకుండా చేతులు ఆనించి నడుం పైకెత్తి చూడు. బొటనవేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. ముక్కు పగిలే కెమికల్ వాసన వస్తే పక్కన పెట్టెయ్. కొన్నాక తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరెయ్యి. బాల్కనీ ఎండలో వేశావంటే రబ్బరు పగుళ్లిస్తుంది.

అమ్మ కూర్చుని ప్రాణాయామమే చేస్తుంది కదా, ఆవిడకి మ్యాట్ కొనకు. మందంగా మడిచిన జంపఖానా చాలు, తుంటి కొంచెం ఎత్తులో ఉంటే నడుం నిటారుగా నిలుస్తుంది. సామాన్లు సర్దే ముందు వరంగల్‌లోనే కొత్తవాడకి ఒకసారి వెళ్లు. వరంగల్ జంపఖానాలకి 2018లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక ఉత్పత్తి అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అవి నేసేవాళ్లు అక్కడే ఉండగా ఇక్కడ వెతకడమెందుకు? అమ్మకొకటి, నీ రబ్బరు మ్యాట్ మీదకి ఒకటి, నాకొకటి తీసుకో. నాది నీలం చారలది, డబ్బులు ఇప్పుడే పంపిస్తా.

నీ
రవి