కోచింగ్‌లోకి వెళ్తానంటున్న మీ కార్తీక్ గురించి

ఒరేయ్ రమణా,

కార్తీక్ స్టాటిస్టిక్స్ డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం చూసుకోకుండా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ (మనం కాలితో తన్నే ఆట కాదు) కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడని రాశావు. చెల్లెమ్మ రెండు రోజులుగా ఇంట్లో సరిగ్గా మాట్లాడటం లేదనీ రాశావు. ముందు ఆవిడకి చెప్పు, ఇది ఆడుకుంటూ గడిపే పని కాదు, పాఠం చెప్పే పని. మీ టెక్సస్ ఫ్రిస్కోలో శుక్రవారం రాత్రి మైదానం పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడేవాళ్లు చాలామంది పగలు అదే స్కూల్లో టీచర్లు కదా. కాలేజీలో అసిస్టెంట్ కోచ్‌కి క్లాసు ఉండదు గానీ ఒక గది, పది పదిహేనుమంది కుర్రాళ్లు, ఒక తెర ఉంటాయి. రిసీవర్ల (విసిరిన బంతి అందుకునేవాళ్ల) కోచ్ అయితే రిసీవర్ల గది, లైన్‌మెన్ (ముందు వరసలో అడ్డుకునేవాళ్ల) కోచ్ అయితే వాళ్ల గది. ఆ గదిలో తను చెప్పింది శనివారం మ్యాచ్‌లో మైదానం మీద కనిపించాలి. అసిస్టెంట్ విలువ కట్టేది దాన్ని బట్టే.

నా అభిప్రాయం దాచకుండా చెప్తాను. వాడు ఇందులో నిలబడటం యూనివర్సిటీ పేరుని బట్టి ఉండదు. మొదటి మూడు నాలుగేళ్లు ఎవరి కింద, ఎంత శుభ్రంగా చాకిరీ చేశాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రకటన చూసి దరఖాస్తు పెడితే వచ్చే ఉద్యోగాలు ఇక్కడ తక్కువ. "ఆ కుర్రాడి పని నేను చూశాను" అని ఎవరో ఒకరు ఫోన్‌లో అంటే వచ్చేవే ఎక్కువ.

మెట్లు ఎలా ఉంటాయో చెప్తా. డిగ్రీ చదువుతుండగా స్టూడెంట్ అసిస్టెంట్, లేదా వీడియో విభాగంలో సాయం. డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అందరూ జీఏ అంటారు. మాస్టర్స్‌లో చేరాలి, ఫీజు యూనివర్సిటీ చూసుకుంటుంది, చేతికి కొద్దిగా స్టైపెండ్ వస్తుంది. మామూలుగా రెండేళ్లు, షరతుల మీద మూడో ఏడు. తర్వాత అనలిస్ట్ లేదా క్వాలిటీ కంట్రోల్ (తెర వెనక ఫిల్మ్ చూసి విశ్లేషించే పనులు), ఆపైన పొజిషన్ కోచ్ (ఒక రకం ఆటగాళ్లకి నేర్పేవాడు), ఆపైన ఆఫెన్స్‌కో (బంతితో దాడి చేసే వైపు) డిఫెన్స్‌కో (ఆపే వైపు) కోఆర్డినేటర్, అంటే ఆ వైపు మొత్తం నడిపేవాడు. కాలేజీ ఆటలో అన్నిటికంటే పై డివిజన్‌లో హెడ్ కోచ్ కింద మైదానంలో కోచింగ్ ఇచ్చే అసిస్టెంట్లు చాలాకాలం 9 మందే ఉండేవారు, 2018 జనవరిలో 10 అయ్యారు. అనలిస్టులు ఆటగాడికి నోరు విప్పి ఒక్క కిటుకు కూడా చెప్పకూడదన్న నియమం ఉండేది. 2024 వేసవిలో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల నియమాలు పెట్టే సంస్థ) దాన్ని తీసేసింది. ఇప్పుడు వాళ్లూ ప్రాక్టీసులో కోచింగ్ ఇవ్వచ్చు. బయట ఊళ్లు తిరిగి ఆటగాళ్లను చేర్చుకునే పని మాత్రం హెడ్ కోచ్‌కీ ఆ 10 మందికే. కార్తీక్ లాంటివాడికి ఇది మంచి మార్పు, పెద్ద పదవి రాకముందే గడ్డి మీద నిలబడి నేర్పే అవకాశం దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చాకిరీ. కింది మెట్టు మీదున్నవాడి పని ముఖ్యంగా ఫిల్మ్ విడగొట్టడం. వచ్చే వారం ప్రత్యర్థి ఆడిన చివరి మూడు నాలుగు మ్యాచ్‌లు తీసుకుంటారు. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు ఆఫెన్స్ సుమారు 65 నుంచి 75 ప్లేలు (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక ప్లే) ఆడుతుంది, అంటే నాలుగు మ్యాచ్‌లకి దగ్గర దగ్గర 280. ఒక్కో ప్లేని సైడ్‌లైన్ కెమెరా నుంచీ, ఎండ్ జోన్ వెనక కెమెరా నుంచీ చూసి గడులు నింపాలి: ఎన్నో డౌన్ (పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకెన్ని గజాలు కావాలి, బంతి ఏ హాష్ (మైదానం పొడవునా ఉండే రెండు చిన్న గీతల వరసల్లో ఒకటి) మీద ఉంది, ఆటగాళ్ల కూర్పు ఏమిటి, ఫార్మేషన్ (నిలబడ్డ తీరు), మోషన్ (ప్లేకి ముందే ఒకడు చోటు మారడం), ఆడిన ప్లే, ఫలితం. కూర్పుని అంకెలతో రాస్తారు. 11 అంటే ఒక రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు), ఒక టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసేవాడు). 12 అంటే ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు.

ఇందులో ఎక్కువ తప్పులు జరిగేది హాష్ దగ్గర. కాలేజీ మైదానం వెడల్పు 160 అడుగులు, రెండు హాష్ వరసల మధ్య దూరం 40. బంతి ఎడమ హాష్ మీద పెడితే ఎడమవైపు 60 అడుగులే మిగులుతుంది, కుడివైపు 100. ప్రొఫెషనల్ లీగులో ఆ వరసల మధ్య 18 అడుగుల 6 అంగుళాలే, కాబట్టి అక్కడ వెడల్పు వైపు, ఇరుకు వైపు అన్న తేడా ఇంతగా ఉండదు. కాలేజీలో డిఫెన్స్ కాల్ (ఈసారి ఎలా ఆడాలన్న ఎంపిక) సగం ఆ తేడా మీదే నడుస్తుంది. ఇప్పుడు చూడు, ప్రత్యర్థి ముగ్గురు రిసీవర్లను ఇరుకు వైపు పెట్టినప్పుడల్లా పరుగు వెడల్పు వైపుకే తీస్తున్నాడనుకో. నాలుగు మ్యాచ్‌ల్లో అలాంటివి ఏడో ఎనిమిదో వస్తాయి. వాటిలో రెండింటికి జీఏ నిద్రమత్తులో హాష్ తప్పు కొట్టాడా, ఆ అలవాటు రిపోర్టులో మాయమవుతుంది. కోఆర్డినేటర్ దాన్ని చూడడు, డిఫెండర్‌కి చెప్పడు, శనివారం అదే ప్లేకి 40 గజాలు పోతాయి. ఆదివారం అందరూ కూర్చుని ఎందుకు పోయిందని వెతికితే ఆ గడి బయటపడుతుంది. అందుకే మంచి స్టాఫ్‌లో ఒకరు నింపింది ఇంకొకరు సరిచూస్తారు. మూడో డౌన్, రెడ్ జోన్ (గోల్ గీతకి ముందు ఆఖరి 20 గజాలు) ప్లేలయితే తప్పకుండా.

రెండో చాకిరీ కార్డులు. మన మొదటి వరస ఆటగాళ్లకి ప్రత్యర్థి లాగా ఆడి చూపించేది స్కౌట్ టీమ్. వాళ్లకి ప్రత్యర్థి ప్లేలు తెలియవు కాబట్టి ప్రతిదీ బొమ్మ గీసి హడిల్‌లో (ప్లేకి ముందు గుంపుగా చేరినప్పుడు) పైకెత్తి చూపాలి. కార్డు మీద గీతలు లావుగా, ఆరడుగుల దూరం నుంచి కనిపించేలా ఉండాలి. ఎవరు మోషన్‌లో వెళ్లాలో చుక్కల గీత, బంతి ఎవరికో గుర్తు, ఏ హాష్ నుంచో పైన రాత. అందంగా గీసినా గార్డు (లైన్‌మెన్‌లో ఒకడు) ఎవరిని అడ్డుకోవాలో తప్పు గీస్తే మన లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ రెండో వరసలో నిలబడేవాడు) వారమంతా తప్పు సంకేతం చదవడం నేర్చుకుంటాడు. గీయకపోయినా ఇంత నష్టం ఉండదు. ప్లేకి ఒక కార్డు, రోజుకి కొన్ని డజన్లు, అవి ప్రాక్టీస్ స్క్రిప్టు వరసలోనే పేర్చి ఉండాలి. ఒక కార్డు తారుమారైతే ఆ పీరియడ్ అంతా గందరగోళం.

పీరియడ్ అంటే 5 నిమిషాలు. రెండు గంటల ప్రాక్టీస్ అంటే 24 పీరియడ్లు, ప్రతిదానికీ హారన్ మోగుతుంది. పది నిమిషాల టీమ్ పీరియడ్‌లో 14, 15 ప్లేలు పడితే బాగా నడిచినట్టు. ఎందుకింత హడావుడి అంటావా, సీజన్‌లో ఆటగాడి సమయం వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు దాటకూడదు, వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాలి, మ్యాచ్ రోజుని 3 గంటల కింద లెక్కేస్తారు. కోచ్‌కి మాత్రం ఏ పరిమితీ లేదు. ఆదివారం పొద్దున నిన్నటి మ్యాచ్‌లో తన ఆటగాళ్లు ఒక్కొక్కరికీ ప్లే వారీగా మార్కులు వేయాలి: చెప్పిన పని చేశాడా, సరైన పద్ధతిలో చేశాడా, గట్టిగా చేశాడా. సోమవారం మొదటి రెండు డౌన్ల ప్లాన్, మంగళవారం గట్టి ప్రాక్టీస్, బుధవారం మూడో డౌన్, గురువారం రెడ్ జోన్, శుక్రవారం నెమ్మదిగా నడిచి చూసుకోవడం. జట్టుని బట్టి రోజులు అటూ ఇటూ అవుతాయి గానీ ఆగస్టు నుంచి సీజన్ అయ్యేదాకా ఇంటి భోజనం మీద ఆశ పెట్టుకోకూడదు. ఇది చెల్లెమ్మకి కాదు, వాడికి పెళ్లయ్యాక వచ్చే అమ్మాయికి చెప్పాల్సిన మాట.

మ్యాచ్ రోజు పని ఎంత ఇరుకో ఒక లెక్క చెప్తే తెలుస్తుంది. 2024 నుంచి పై డివిజన్‌లో ఆఫెన్స్‌కి ఒకడు, డిఫెన్స్‌కి ఒకడు హెల్మెట్‌లో రేడియోతో ఆడవచ్చు. ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే సమయం) 40 సెకన్లు, 15 మిగిలేసరికి రేడియో ఆగిపోతుంది. అంటే 25 సెకన్లలో స్టేడియం పైన ప్రెస్ బాక్స్‌లో ఉన్న అసిస్టెంట్ డౌన్, గజాలు, హాష్, ఎవరు లోపలికొచ్చారు అన్నది చెప్పాలి, కోఆర్డినేటర్ ఎంచుకోవాలి, మాట ఆటగాడి చెవిలో పడాలి. పైన కూర్చున్నవాడు రెండు టైట్ ఎండ్‌లు వచ్చారని ఐదు సెకన్లు ఆలస్యంగా చెప్పినా కాల్ పాడవుతుంది. గొంతు నిదానంగా, మాట పొట్టిగా ఉన్నవాళ్లనే పైన కూర్చోబెడతారు. కార్తీక్ మాట తీరు నాకు తెలిసినంతలో దానికి సరిపోతుంది.

పొజిషన్ కోచ్ అయ్యాక జీతంలో సగం ఆటగాళ్లను చేర్చుకొచ్చినందుకే అనుకోవచ్చు. ప్రతి అసిస్టెంట్‌కీ ఒక ప్రాంతం అప్పగిస్తారు. అక్కడి హైస్కూల్ కోచ్‌లు, కౌన్సెలర్లు, కుర్రాళ్ల అమ్మలు, అమ్మమ్మలు అందరూ పరిచయమవ్వాలి. కొత్తవాళ్లు వేగం, ఎత్తు చూసి మురిసిపోయి మార్కుల జాబితా ఆఖర్న అడుగుతారు. తిరగేసి చేయాలి. డివిజన్ వన్‌లో మొదటి ఏడే ఆడాలంటే 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో 4కి సగటు 2.3 ఉండాలి. ఆ 16లో 10 హైస్కూల్ ఏడో సెమిస్టర్, అంటే ఆఖరి ఏడు, మొదలవకముందే అయిపోవాలి, వాటిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లో. ఆ పదింటి మార్కులు అక్కడితో బిగిసిపోతాయి, తర్వాత మళ్లీ రాసి పెంచుకోవడానికి ఉండదు. జనవరిలో తెలుసుకుంటే అప్పటికి ఆర్నెల్ల తిరుగుడూ వృథా. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా), 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవడం, 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు పంచడం వచ్చాక చేర్చుకున్నవాడిని నిలుపుకోవడం కూడా అసిస్టెంట్ నెత్తినే పడింది. తన గదిలో కుర్రాడు మనసులో ఏమనుకుంటున్నాడో నవంబరులోనే తెలియనివాడికి జనవరిలో గది ఖాళీ అవుతుంది.

ఇక నువ్వడిగిన డబ్బూ భద్రతా. కింద కష్టం, పైన దండిగా. డేవ్ అరాండా 2018లో ఎల్‌ఎస్‌యూలో (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) డిఫెన్స్ కోఆర్డినేటర్‌గానే నాలుగేళ్లకి కోటి డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. కానీ అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లకి ఒప్పందం ఏడాదికో రెండేళ్లకో ఉంటుంది. హెడ్ కోచ్‌ని తీసేస్తే అసిస్టెంట్లూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే, కొత్తాయన ఎవరినైనా ఉంచుకుంటే అది ఆయన దయ. డాబో స్వీనీ అనే అసిస్టెంట్ కోచ్ 2000 సీజన్ తర్వాత అలబామాలో స్టాఫ్ అందరితో పాటు ఉద్యోగం పోగొట్టుకుని బర్మింగ్‌హామ్‌లో రియల్ ఎస్టేట్ చేసుకున్నాడు. 2003లో క్లెమ్సన్ యూనివర్సిటీ హెడ్ కోచ్ టామీ బౌడెన్ అక్కడికి పిలిచి రిసీవర్ల కోచ్‌గా పెట్టుకున్నాడు. 2008 అక్టోబరులో బౌడెన్ సీజన్ మధ్యలో తప్పుకుంటే ఆ కుర్చీ స్వీనీకే వచ్చింది, 2016, 2018 సీజన్లలో జాతీయ టైటిళ్లు గెలిచాడు. ఒకరి మాట మీద వచ్చిన పనే చూడు, ఎంత దూరం తీసుకెళ్లిందో.

కిర్బీ స్మార్ట్ దారి కూడా కార్తీక్‌కి చూపించు. జార్జియా యూనివర్సిటీకి ఆడినవాడు, అయినా 2000లో వాల్డోస్టా స్టేట్ అనే చిన్న కాలేజీకి వెళ్లాడు, మరుసటేడు అక్కడే డిఫెన్స్ కోఆర్డినేటర్. తర్వాత 2002లో కింది మెట్టుకి దిగి ఫ్లోరిడా స్టేట్‌లో జీఏగా చేరాడు. నేను పదే పదే చెప్పేది ఈ మలుపు గురించే. పదవి పేరు చూసుకోలేదు, ఎవరి దగ్గర నేర్చుకోవచ్చో చూసుకున్నాడు. 2004లో ఎల్‌ఎస్‌యూలో పేరుమోసిన హెడ్ కోచ్ నిక్ సేబన్ కింద, తర్వాత జార్జియా, మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు, 2007 నుంచి అలబామా. 2009లో దేశంలో ఉత్తమ అసిస్టెంట్‌కిచ్చే బ్రాయిల్స్ అవార్డు. 2016 సీజన్ నుంచి జార్జియా హెడ్ కోచ్. అందరూ ఇలా ఊళ్లు మారాలనీ లేదు. డిఫెన్స్ కోచ్ బడ్ ఫాస్టర్ 1987లో వర్జీనియా టెక్‌కి వెళ్లి 2019 దాకా అక్కడే ఉన్నాడు, పైకి పోవాలన్న ఆత్రం లేకుండా ఆయన కట్టిన డిఫెన్స్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నా మనసుకి ఆయన బతుకే ఎక్కువ నచ్చుతుంది, అది వేరే సంగతి.

మరి ఇప్పుడు వాడేం చేయాలి? టెక్సస్‌లో హైస్కూల్ ఆట కూడా దాదాపు ఎన్‌సీఏఏ నియమాల ప్రకారమే నడుస్తుంది కాబట్టి నియమాలు వాడికి కొత్త కాదు. స్టాటిస్టిక్స్ తెలుసు, అది తలుపు తెరిపిస్తుంది గానీ అదొక్కటే పట్టుకుంటే లెక్కల కుర్రాడిగానే ముద్ర పడుతుంది, గదిలో పాఠం చెప్పనివ్వరు. తన యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆపరేషన్స్ డైరెక్టర్‌కి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయమను: ఏ ఏడు చదువుతున్నాడు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలడు, ఫిల్మ్ ట్యాగింగ్ (పైన చెప్పిన గడులు నింపడం) వచ్చు, జీతం అడగడు. జవాబు రాకపోతే పది రోజులకి ఇంకోటి. మార్చి, ఏప్రిల్ స్ప్రింగ్ ప్రాక్టీసులప్పుడు చేరడం మేలు, మొత్తం 15 ప్రాక్టీసులే ఉంటాయి, మనుషులకి కాస్త తీరిక ఉంటుంది. ఆగస్టు క్యాంపులో కొత్తవాడికి నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు. అక్కడ తీసుకోకపోతే ఎన్‌సీఏఏ కింది స్థాయి అయిన డివిజన్ త్రీలో ఏదైనా కాలేజీ చూడమను, స్టాఫ్ చిన్నది కాబట్టి మొదటి నెలలోనే నిజమైన పని పడుతుంది. జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సమావేశానికి ఒకసారి వెళ్లి రమ్మను. ప్రసంగాల కంటే హోటల్ లాబీలో నిలబడి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తే ఈ లోకం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది.

అంతకంటే ముందు ఒక పరీక్ష పెట్టు. టీవీలో వచ్చిన ఏదైనా పూర్తి మ్యాచ్ తీసుకుని ఒక జట్టు ఆఫెన్స్ ప్లేలన్నీ పైన చెప్పిన గడులతో షీట్‌లో నింపమను. టీవీ కెమెరాలో రిసీవర్ల దారులు అన్నీ కనిపించవు, ఆ గడి ఖాళీ వదిలినా ఫర్వాలేదు, ఊహించి నింపొద్దను. తర్వాత మూడో డౌన్ మీద ఏం చేశారో ఒకే పేజీలో రాసి, షీట్‌తో కలిపి నాకు పంపమను. నేనూ అదే మ్యాచ్ చూసి హాష్ గడి ఒక్కటీ ప్లే వారీగా సరిచూస్తాను, తప్పులుంటే ఎర్రరంగు వేసి వెనక్కి పంపుతాను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శ్రీనివాస్