ఆదివారం సినిమా ఎందుకు మారిందంటే

మన సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం షాపు మేడమీద 'ఎరాన్ ట్రెసె' వేయడం లేదు. 'ది బ్లాక్ క్యామెల్' వేస్తున్నాను. ఎందుకో నేనే చెప్పాలి.

వార్నర్ ఓలాండ్ అనే నటుడు చార్లీ చాన్ అనే డిటెక్టివ్‌గా వేసిన ఫాక్స్ స్టూడియో సినిమాల్లో మొదటిది 1931 నాటి 'చార్లీ చాన్ క్యారీస్ ఆన్'. దాని ప్రింటు ఎక్కడా దొరకలేదు. డబ్బింగ్ ఇంకా కుదురుకోని రోజులు కాబట్టి, అదే కథని స్పానిష్ మాట్లాడే నటులతో విడిగా తీశారు. మాన్యుయెల్ అర్బో చాన్‌గా వేసిన ఆ 'ఎరాన్ ట్రెసె' మాత్రం మిగిలింది. పోయిన సినిమా ఎలా ఉండేదో ఊహించుకోవడానికి అంతకంటే దగ్గరి ఆధారం లేదు. అందుకే దాంతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టాను.

డిస్కులు తెప్పించే ఆయన సరేనని అడ్వాన్సు తీసుకున్నాడు. తీరా పార్సిల్ విప్పితే కవరు మీద 1931 అనే ఉంది, లోపల మాత్రం సిడ్నీ టోలర్ నటించిన 1940 సినిమా, 'చార్లీ చాన్స్ మర్డర్ క్రూయిజ్'. ఫోన్ చేస్తే, "కథ అదే కదండీ, మీవాళ్లలో ఎవరు కనిపెడతారు?" అన్నాడు. రెండూ ఒకే నవలలోంచి వచ్చినమాట నిజమే. కానీ టోలర్ ఆ పాత్రలోకి వచ్చింది 1938లో ఓలాండ్ చనిపోయాక. మన దగ్గర కూర్చునేవాళ్లకి అది తెలియదనుకున్నాడంటే, నన్నే కాదు, మిమ్మల్నీ చిన్నచూపు చూసినట్టే. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

విషయం ముందే చెప్పి ఆ 1940 సినిమానే వేసేద్దామా అని చాలా ఊగిసలాడాను. డబ్బులు వెనక్కివ్వడమంటే మన చిన్న షాపుకి భారమే, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి వద్దనుకున్నాను. మాటలు కొత్తగా వచ్చిన రోజుల సినిమా చూపిస్తానని పిలిచాను, తొమ్మిదేళ్ల తర్వాతది ఎలా చూపిస్తాను?

'ది బ్లాక్ క్యామెల్' కూడా 1931దే. ఓలాండ్ మొదటి అయిదు చాన్ సినిమాల్లో మనకు మిగిలింది ఇదొక్కటే. కొంత భాగం హోనలూలులోనే తీశారు. అదే ఏడాది డ్రాక్యులాగా వచ్చిన బేలా లుగోసి ఇందులో జ్యోతిష్కుడు. నా మటుకు నాకు ఆయన కోసమైనా చూడాలి.

టైము మారలేదు. వద్దనుకున్నవాళ్లు కౌంటర్‌లో డబ్బు తీసుకోండి, కారణం చెప్పక్కర్లేదు. ఆ సప్లయర్ దగ్గర ఇక కొనను, ఎంత అరువిచ్చినా సరే. 'ఎరాన్ ట్రెసె' ఇంకోచోట అడిగాను. డిస్కు చేతికొచ్చి, నేను మొదటినుంచి చివరిదాకా చూశాకే తేదీ చెబుతాను.