బీపీ గోలీల వాపస్ గురించి, హన్మకొండ మన షాపు నుంచి

టెల్మిసార్టన్ 40 వాడే మన గిరాకీలందరికీ ఒక మాట. మీలో కొందరికి ఇచ్చిన ఒక బ్యాచ్‌ను దాని కంపెనీ మార్కెట్ నుంచి వాపస్ తీసుకుంటోంది. గోలీలో లోపం లేదు. స్ట్రిప్పు వెనక రేకు మీద బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ కొట్టిన సిరా నిలవడం లేదు. బొటనవేలితో రుద్దితే నలుపంతా వేలికి అంటుకుని, తేదీ ఉన్న చోట ఉత్త రేకే మిగులుతోంది.

మన దేశంలో మందుల వాపస్‌కు మూడు తరగతులున్నాయి. ప్రాణం మీదికి వచ్చేది మొదటిది, దాని అమ్మకం 72 గంటల్లోపు ఆగిపోవాలి. ఇది మూడోది, 30 రోజుల దాకా గడువు ఉంటుంది. కాబట్టి పరేషాన్ కావద్దు, గోలీ మాత్రం మానొద్దు. డాక్టర్‌ను అడగకుండా బీపీ మందు ఆపితేనే అసలు ప్రమాదం.

"ఆ షాపులో డూప్లికేట్ మందులట" అన్న ముచ్చట నా చెవిన పడింది. కంపెనీయే తన లెటర్‌హెడ్ మీద మా సరుకే అని రాసిచ్చింది. నకిలీ మందుకు అట్లా రాసిచ్చే నాథుడుంటాడా? నేను కొన్న బిల్లులు కౌంటర్ దగ్గరే ఉన్నాయి, వచ్చి చూసుకోండి.

ఇక నాకు ఈ సరుకు వేసే హోల్‌సేల్ ఏజెన్సీ సంగతి. కంపెనీ లెటర్ వాళ్లకు ముందే వచ్చింది, నాకు చెప్పలేదు. పక్క షాపాయన చూపిస్తే తెలిసింది. ఫోన్ చేస్తే, "క్లాస్ త్రీ కదన్నా, తొందరేముంది" అన్నారు. సరే. కానీ వాపస్ రూల్ విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు: బ్యాచ్ నంబర్ కనబడే నిండు స్ట్రిప్పులకే డబ్బులిస్తారట. నంబర్ చెరిగిపోతుందని వెనక్కి పిలిచిన సరుకును, నంబర్ కనబడితేనే తీసుకుంటారట!

మన దగ్గర చాలామంది కొనేది కత్తిరించిన ముక్కలే. పింఛన్ పడేదాకా అయిదు గోలీలు చాలంటారు, నేనూ కత్తెర పెట్టి ఇస్తాను. ఆ ముక్కలకు ఏజెన్సీ పైసా ఇవ్వదు. నిండు స్ట్రిప్పులే తీసుకుందామా అని చాలా ఆలోచించాను. ఇంట్లోవాళ్లు అదే చేయమన్నారు, లెక్క ప్రకారం వాళ్లదే కరెక్ట్. కానీ నిండు స్ట్రిప్పు కొనే స్తోమత ఉన్నవాళ్లకు న్యాయం చేసి, అయిదు గోలీలు కొన్న పెద్దమ్మను వట్టి చేతులతో పంపడం నా వల్ల కాదు. ముక్కలు కూడా తీసుకుంటాను. నష్టం నాదే, దాని గురించి ఎవరూ జాలి పడనక్కర్లేదు.

బ్యాచ్ నంబర్ కౌంటర్ అద్దానికి అంటించాను. బిల్లు పోయినా ఫర్వాలేదు, చీటీ మీద ఇచ్చిన మందులకు నా దగ్గర బ్యాచ్‌తో సహా రికార్డు ఉంటుంది. బదులుగా ఇదే మందు, ఇదే 40, వేరే కంపెనీది ఇస్తాను. గోలీ రంగు మారితే కంగారు పడకండి. స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోసుకున్నవాళ్లు అవి కూడా తెండి. ఈ గోలీకి తేమ పడదు, వేసుకునేటప్పుడే విప్పాలని నేను ఎప్పుడూ మొత్తుకునేది ఇందుకే. హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు నుంచి షాపుకు రాలేని పెద్దవాళ్లుంటే ఫోన్ చేయండి, షాపు పిల్లగాడు కొత్తవి ఇచ్చి పాతవి తెస్తాడు.

ఆ ఏజెన్సీకి మాత్రం కొత్త ఆర్డర్ ఇవ్వడం లేదు. మొన్న వాళ్ల మనిషి వచ్చి కూర్చుంటే చాయ్ తాగించి పంపించాను.