ధర పెంచారు సరే, జవాబేది?

ధర్మాబాద్,
నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర.

సేల్స్ విభాగం అధిపతి గారికి,
కేంద్ర కార్యాలయం, నాసిక్.

విషయం: అడ్వాన్సు తీసుకున్నాక రిజర్వ్ రెడ్ వైన్ ధర పెంచడం, అడిగితే జవాబు చెప్పే మనిషి లేకపోవడం.

అయ్యా,

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల్లో మీ రిజర్వ్ రెడ్‌ను ఏటా పెట్టెల లెక్కన కొని దాచుకుంటున్న, మీ జాబితాలోని సభ్యులందరి తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం. ధర పెరిగిందన్న ఏడుపు కాదిది. పేరొచ్చిన వైనరీ ధర పెంచుతుందని సీసాలు దాచుకునేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియాలో స్క్రీమింగ్ ఈగిల్ అనే వైనరీ 1992 వింటేజ్‌ను, అంటే ఆ ఏటి ద్రాక్షతో చేసిన వైన్‌ను, 1995లో విడుదల చేసినప్పుడు సీసా 75 డాలర్లు. ఈ రోజు అదే వైనరీ సీసా వెయ్యి డాలర్ల పైమాటే. కొనేవాళ్లు కొంటున్నారు, వద్దనుకున్నవాళ్లు ఆ వైనరీ కొనుగోలుదార్ల జాబితాలోంచి పేరు తీయించుకుంటున్నారు. వాళ్లకు ధరైనా ముందే తెలుస్తుంది. మాకు అదీ తెలియలేదు, అడిగితే చెప్పే దిక్కూ లేదు. మా కోపమంతా అక్కడే.

అడ్వాన్సు కట్టించుకున్న రోజు మీ సైట్‌లో సీసా 1,800 రూపాయలు. మిగతా సొమ్ము కట్టమని పంపిన లింకులో 2,400. మధ్యలో ఒక మెయిల్ లేదు, ఒక మెసేజ్ లేదు.

సరే, అడుగుదామని మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగుకు 4 నొక్కమంటుంది. నొక్కితే కాల్ హైదరాబాద్ పోతుంది. అక్కడి అమ్మాయి మర్యాదగానే పిన్‌కోడ్ అడుగుతుంది. 431 అని మొదలుపెట్టామో లేదో, ‘సర్, అది మహారాష్ట్ర, మా జోన్ కాదు, నాసిక్‌లో మాట్లాడండి’ అంటుంది. మరాఠీకి నొక్కి నాసిక్‌ను పట్టుకుంటే అక్కడ ఇంకో కథ. మా ఖాతాలను తెలుగు కస్టమర్లని చెప్పి మీవాళ్లే హైదరాబాద్‌కు రాసేశారట, నాసిక్ కంప్యూటర్‌లో ఆ ఖాతాలు తెరుచుకోవట. అంటే వైన్ పంపడానికి మేం మహారాష్ట్ర, జవాబు చెప్పడానికి తెలంగాణ. సరిహద్దులో ఇళ్లు కట్టుకోవడం మేం చేసిన తప్పా? మీ జోన్ల గీత మా ఊళ్ల మీదుగా పోతే దాన్ని సరిచేసుకోవాల్సింది మీరు.

నాసిక్‌లో ఫోనెత్తే ఒకాయన ఏమడిగినా ‘బఘతో, సాంగతో’ అంటాడు. చూస్తానంటాడు, చెప్తానంటాడు. చూసిందీ లేదు, చెప్పిందీ లేదు. సాహెబ్ మీటింగ్‌లో ఉంటారు, మీటింగ్ నుంచి ద్రాక్షతోటకు పోతారు, తోట నుంచి ముంబయికి పోతారు. ఈలోపు ‘మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు’ అని మెసేజ్ వస్తుంది. మళ్లీ చేస్తే పాత ఫిర్యాదు టికెట్ మూసేశామని కొత్త నంబరు ఇస్తారు, కథంతా మొదటినుంచి చెప్పమంటారు. ఒకరైతే ఇంకా చేతికే రాని సీసాకు ‘వాసన వస్తోందా సర్, తెరిచి ఫోటో పంపండి’ అన్నారు. ధర గురించి అడుగుతున్నామని చెబితే వాట్సాప్‌లో ఒక కూపన్ పంపారు, మీ దగ్గర ద్రాక్ష తొక్కే ఉత్సవం టికెట్ మీద పది శాతం తగ్గింపని. వయసు మళ్లిన సభ్యుడికి ఆ కూపన్ పంపడం మాకు అవమానంగా తోచింది.

అందరినీ అడగ్గా అడగ్గా కారణాలు మూడు వినిపించాయి. ఒక్కటీ నిలవదు.

తెలంగాణలో ఎక్సైజ్ పెరిగిందని హైదరాబాద్ వాళ్ల మాట. వైన్‌కు ఏ రాష్ట్రం సుంకం ఆ రాష్ట్రానిదే, ఏ రాష్ట్రం లేబుల్, ఎంఆర్‌పీ ఆ రాష్ట్రానివే. మాకు పంపేది మహారాష్ట్ర లేబుల్ సీసా. ఈ రాష్ట్రంలో ద్రాక్ష వైన్‌కు 2001లోనే ప్రత్యేక విధానం తెచ్చారు. పక్క రాష్ట్రం పన్ను మా బిల్లులోకి ఎలా వచ్చింది?

ద్రాక్ష ధర పెరిగిందన్నది రెండోది. 750 మిల్లీలీటర్ల సీసాకు పట్టేది దాదాపు 1.2 కిలోల పండు. కిలోకు పది రూపాయలు పెరిగినా సీసా మీద పడేది 12 రూపాయలు.

మూడోది బ్యారెల్ ధర, అంటే వైన్‌ను నిలవుంచే చెక్క పీపా ధర. ఇదైనా కొంచెం ఆలోచించదగ్గ మాట. ఓక్ బ్యారెల్‌లో 225 లీటర్లు పడతాయి, అంటే సుమారు 300 సీసాలు. కొత్త ఫ్రెంచ్ బ్యారెల్ లక్ష రూపాయలనుకుందాం. మూడు వింటేజ్‌లకు వాడితే సీసాకు 111 రూపాయలు. బ్యారెల్ ధర ఇరవై శాతం పెరిగిందనుకున్నా సీసాకు అదనంగా 22. ఒక్కసారే వాడి పక్కన పెట్టినా అదనం 67 దాటదు. చెక్క పీల్చి ఆవిరయ్యేది ఏడాదికి రెండు నుంచి ఐదు శాతం, అది ఎప్పుడూ ఉన్నదే. వీటన్నిటినీ కలిపినా 600 రావు.

అసలు ఈ మూడు కారణాలూ చెల్లవని మీ సీసానే చెబుతోంది. పెంచిన సొమ్ము కట్టేసిన దెగ్లూర్ సభ్యులకు పెట్టె అందింది. వెనక లేబుల్ మీద ఎంఆర్‌పీ ఉన్నచోట చిన్న తెల్ల స్టిక్కర్ అంటించి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే అంచు లేచింది, కింద పాత ధర అచ్చు చెక్కుచెదరలేదు. అంటే ద్రాక్ష కొన్నారు, బ్యారెల్‌లో పోశారు, సీసాల్లో నింపారు, ధర అచ్చేశారు, ఖర్చంతా అప్పటికే అయిపోయింది. ఆ తర్వాత స్టిక్కర్ అంటించారు. ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నిబంధనలు (2011) ధర తగ్గించడానికి స్టిక్కర్ ఒప్పుకుంటాయి, పెంచడానికి ఒప్పుకోవు. ఫోటోలు జతచేశాం.

గిరాకీ ఉంది కాబట్టి పెంచామని ఎవరైనా నిజం చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. అయితే పెంచడానికీ ఒక వేళ ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ బ్యారెల్‌లో ఉండగానే ధర ప్రకటించి అమ్ముతారు, సీసా చేతికందేది రెండేళ్లకు. ముందే డబ్బు పెట్టి కొన్నవాడు నష్టపోవచ్చు కూడా. 2009, 2010 వింటేజ్‌లను ఆకాశాన్నంటే ధరలకు కొన్నవాళ్లు చాలామంది అలా నష్టపోయారు. 2023 వింటేజ్‌ను అక్కడి లాఫిట్ వైనరీ 2024లో అంతకుముందు ఏడాదికంటే మూడోవంతు దాకా తగ్గించి వదిలింది. ముందే అమ్మే ఆ పద్ధతి నచ్చక అక్కడిదే ఇంకో వైనరీ లాటూర్ 2012లోనే తప్పుకుంది, సీసాలు తన దగ్గరే దాచి తాగే వేళకు అమ్ముతోంది. ముందు అమ్మడమా, దాచి అమ్మడమా అన్నది వాళ్ల ఇష్టం. ముందు డబ్బు తీసుకుని తర్వాతి ధర అడగడం మాత్రం బేరమే కాదు. ముందు కట్టినవాడికీ ఆఖర్న వచ్చినవాడికీ ఒకే ధరైతే మేం అడ్వాన్సు ఎందుకు కట్టాలి? 13 డిగ్రీల దగ్గర సీసాను పడుకోబెట్టి, కరెంటు పోతే ఇన్వర్టర్ పెట్టి, ఏళ్ల తరబడి కాపాడే ఖర్చు మాదే కదా.

మీరు పలకకపోతే పోయేది డబ్బొక్కటే కాదు. మిగతావాళ్ల పెట్టెలు జనవరిలోగా కదలాలి. ఈ నాన్చుడు ఏప్రిల్ దాకా సాగితే నలభై దాటిన ఎండలో మూసిన వ్యాన్‌లో వస్తాయి. వేడికి వైన్ ఉబ్బి కార్కును పైకి నెడుతుంది. తర్వాత చల్లబడి కుంచించుకుంటే గాలిని లోపలికి పీలుస్తుంది. అలాంటి సీసా మూత మీది తొడుగును వేళ్లతో తిప్పితే తిరగదు, జిగటగా పట్టేసి ఉంటుంది. తీస్తే కార్కు పక్కన పైదాకా ఊదారంగు చార కనబడుతుంది. లోపలిది ఉడికిన ఎండుద్రాక్ష రుచి. ఇది చెబితే మీ ఏజెంటు ‘వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి సర్’ అన్నారు. ఉడికింది ఫ్రిజ్‌లో పెడితే పచ్చిదవుతుందా? వైనరీ తరఫున మాట్లాడే మనిషికి ఆపాటి తెలియకపోతే ఎలా?

మీ పేరు ఈ వైపు ఎవరికీ తెలియని రోజుల్లో పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ మీ సీసాలు పంచి పేరు తెచ్చింది మేమే. ధర భారమైన ఏడాది కూడా వేరే వైపు చూడలేదు. ఆ నమ్మకానికి మీరిచ్చిన విలువ ఒక మూసేసిన టికెట్ నంబరు.

ఇక వినండి. సైట్‌లో అమ్మే సంస్థకు ఈ-కామర్స్ నిబంధనలు (2020) వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. రెండు గడువులూ మీరు దాటేశారు. అడ్వాన్సు నాటి ధరకే పెట్టెలు పంపండి, ఎండలు ముదరకముందే పంపండి. లేదా అడ్వాన్సు వడ్డీతో వెనక్కి ఇవ్వండి. ఏదీ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాం, నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే చోటే వేసుకోవచ్చు, నాసిక్ రానక్కర్లేదు. స్టిక్కర్ సంగతి తూనికలు కొలతల శాఖకు విడిగా వెళ్తుంది. వచ్చే ఏడాది మీ జాబితాలో ఈ నాలుగు తాలూకాల పేర్లు ఒక్కటీ ఉండవు.

జవాబు మరాఠీలో రాసినా, తెలుగులో రాసినా మాకు ఫరవాలేదు. కింద ఒక మనిషి పేరు, సంతకం, నేరుగా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి.

ఇట్లు,
ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ సభ్యులు.

జత: అడ్వాన్సు రసీదులు, రెండు ధరల స్క్రీన్‌షాట్లు, మూసేసిన టికెట్ల మెసేజ్‌లు, స్టిక్కర్ ఫోటోలు.