ఏప్రిల్ 25 తర్వాత మే 2 కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 25న డీఎన్ఏ దినోత్సవం సందర్భంగా మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. మెండెల్ బఠానీ మొక్కలు, వాట్సన్, క్రిక్‌ల ద్వికుండలి (మెలితిరిగిన నిచ్చెన లాంటి డీఎన్ఏ నిర్మాణం), 2003లో పూర్తయిన మానవ జీనోమ్ ప్రాజెక్టు, అన్నీ ఉన్నాయి. ఏటా వచ్చేవే ఇవి. ఫలానా రోజున ఫలానా వాళ్లు ఫలానాది కనుక్కున్నారని చెప్పి ఊరుకుంటాం. అది నిజమని వాళ్లకెలా తెలిసిందో మాత్రం రాయం. నా ఫిర్యాదు ఇదే.

మీ పేజీలో చోటు దొరకని తేదీ ఒకటి చెబుతాను: 1944 ఫిబ్రవరి 1. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన ఏవరీ, మెక్‌లియాడ్, మెక్‌కార్టీల పరిశోధన పత్రం ఆ రోజు అచ్చయింది. చచ్చిన న్యుమోనియా బ్యాక్టీరియాలోని ఏదో పదార్థం, హాని చేయని బతికున్న బ్యాక్టీరియాను ప్రాణాంతకంగా మారుస్తోందని గ్రిఫిత్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త 1928లోనే ఎలుకల మీద చూపించాడు. ఆ మార్పు తర్వాతి తరాలకూ వెళుతోంది. ఇంతకీ ఆ పదార్థం ఏమిటి? ప్రొటీనే అయి ఉంటుందని చాలామంది నమ్మకం. నాలుగంటే నాలుగు రకాల ముక్కలతో తయారైన డీఎన్ఏ మీద అప్పట్లో చిన్నచూపు ఉండేది. ఏవరీ బృందం ఆ పదార్థాన్ని శుద్ధి చేసి ఒక్కో ఎంజైమ్‌తో పరీక్షించింది. ప్రొటీన్లను విరగ్గొట్టే ఎంజైమ్ కలిపినా మార్పు ఆగలేదు. డీఎన్ఏను పోలిన మరో పదార్థం ఆర్ఎన్ఏను విరగ్గొట్టేది కలిపినా ఆగలేదు. డీఎన్ఏను విరగ్గొట్టేది కలిపితే ఆగిపోయింది. అంటే ఆ పదార్థం డీఎన్ఏయే. పిల్లలకు ద్వికుండలి బొమ్మ కంటే ఈ ప్రయోగమే బాగా ఎక్కుతుందని పాఠం చెప్పేదాన్నిగా నాకు తెలుసు. ఏవరీకి నోబెల్ రాలేదు, 1955లో కన్నుమూశాడు. బహుశా అందుకే ఆయన పేరు పండగల్లో వినిపించదు.

రోసలిండ్ ఫ్రాంక్లిన్ ఫొటో వేసి, 'అన్యాయం జరిగిన మహిళ' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. జాలి సరే, ఆమె చేసిన పనేమిటో కూడా రాయాలి కదా! 1953 ఏప్రిల్ 25 నాటి 'నేచర్' సైన్సు పత్రిక సంచికలో డీఎన్ఏ నిర్మాణంపై ఒకటి కాదు, వరసగా మూడు పత్రాలు వచ్చాయి. మొదటిది వాట్సన్, క్రిక్‌లది. అందులో వాళ్లు ప్రతిపాదించిన నమూనా ఉంది కానీ, సొంతంగా చేసిన ప్రయోగం లేదు. ఎక్స్‌రే ఆధారాలు తర్వాతి రెండింటిలో ఉన్నాయి. ఒకటి విల్కిన్స్ బృందానిది, రెండోది ఫ్రాంక్లిన్, ఆమె విద్యార్థి గాస్లింగ్‌లది. తేమను బట్టి డీఎన్ఏ రెండు రూపాల్లో ఉంటుందని వేరుచేసి చూపింది ఆమే. డీఎన్ఏ పోగుల్లో భాగమైన ఫాస్ఫేట్లు బయటివైపు ఉంటాయని చెప్పిందీ ఆమే. మూడు పత్రాలనూ కలిపి గుర్తుచేసుకుంటే ఆ తేదీకి న్యాయం జరిగినట్టు.

ఇక మనిషి కణాల్లో డీఎన్ఏను మోసే క్రోమోజోముల లెక్క. 1923 నుంచి ముప్ఫై ఏళ్లకు పైగా పుస్తకాలన్నీ 48 అనే చెప్పాయి. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అవి 46 అని తేల్చి 1956లో ప్రచురించారు. అంతకుముందే మరో పరిశోధక బృందానికి కాలేయ కణాల్లో మళ్లీమళ్లీ 46 కనిపించాయట. మిగతా రెండూ దొరకడం లేదని వాళ్లు పని మధ్యలోనే ఆపేశారు! ఈ సంగతి జియో, లెవాన్‌లే తమ పత్రంలో రాశారు. సైన్సులో పుస్తకం మాటకు ఎంత బరువుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తెలియదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ చరిత్రలో సంబరం చేసుకోలేని తేదీలూ ఉన్నాయి. 1927 మే 2న అమెరికా సుప్రీంకోర్టు, క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతానం కలగకుండా చేసే ఆపరేషన్ చట్టబద్ధమేనంది. ఎనిమిది మంది న్యాయమూర్తులు ఔనంటే ఒక్కరే కాదన్నారు. తల్లి, కూతురు క్యారీ, ఏడు నెలల మనవరాలు, ముగ్గురూ బుద్ధిమాంద్యులేనని, అది వంశపారంపర్యమని వాదన. దీనికి 'శాస్త్రీయ' సాక్ష్యం రాసిచ్చిన హ్యారీ లాఫ్లిన్ క్యారీని చూడనే లేదు. ఆయన పనిచేసింది కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో, వంశవృక్షాలు సేకరించి మెండెల్ చెప్పిన వంశపారంపర్య సూత్రాలను మనుషులకు అంటగట్టిన కార్యాలయంలో. అదే ఏడాది అక్టోబరులో క్యారీకి ఆపరేషన్ చేసేశారు. ఆ మనవరాలు వివియన్ తర్వాత బడిలో మంచి మార్కులతో గౌరవ జాబితాకెక్కింది. ఎనిమిదేళ్లకే జబ్బు చేసి చనిపోయింది. ఇలాంటి చట్టాల కింద అమెరికాలో 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి. 1933లో నాజీలు కూడా ఇదే తరహా చట్టం తెచ్చారు.

జన్యువులను కత్తిరించి మార్చే చికిత్సలు ఇప్పటికే ఆస్పత్రులకు చేరాయి. ఏ లక్షణం 'లోపం', ఏది కాదు అనే ప్రశ్న మళ్లీ బల్లమీదికి వచ్చింది. క్యారీ బక్ కేసు తెలియకుండా ఆ చర్చ ఎలా చేస్తాం? డీఎన్ఏ దినోత్సవం తర్వాత సరిగ్గా వారానికి మే 2 వస్తుంది. ఈసారి ఆ రోజు పేపర్లో ఆ కేసు గురించి అర పేజీ కేటాయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు