పీఎల్‌సీలు ఆగకుండా: మన పారిశ్రామికవాడ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో డ్రైనేజీ, వీధి దీపాలు, ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన సంస్థ) పన్నుల చర్చ అయ్యాక, సగం మంది లేచి వెళ్లిన తర్వాత చర్చకు వచ్చిన అంశం కంట్రోల్ ప్యానెళ్ల నెట్‌వర్క్ భద్రత. ఈ ఏడాది కమిటీకి ఎక్కువ పని పెట్టింది అదే. మిగతా పనులు, జమాఖర్చులు కోశాధికారి విడిగా చెబుతారు కాబట్టి ఈ నివేదికను దీనికే పరిమితం చేస్తున్నాను.

"మా దగ్గర హ్యాకర్ దోచుకునేది ఏముంది?" అని చాలామంది అడిగారు. దోచుకోనక్కర్లేదు, ఆపేస్తే చాలు. ఆఫీసులో కంప్యూటర్ హ్యాంగ్ అయితే టీ తాగొచ్చి రీస్టార్ట్ చేసుకుంటాం. రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తుండగా పీఎల్‌సీ (మెషీన్లను నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్) ఆగిపోతే బ్యాచ్ పోతుంది. కూలింగ్ వాటర్ పంపు కూడా దానితోనే ఆగితే ఏమవుతుందో ఫార్మా సభ్యులకు నేను చెప్పాల్సిన పని లేదు. డినయల్ ఆఫ్ సర్వీస్ అంటే మన భాషలో ఇంతే: పరికరం బాగానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు.

మామూలు పీఎల్‌సీలో ప్రాసెసర్ చిన్నది. ఇన్‌పుట్లు చదివి, లాజిక్ నడిపి, అవుట్‌పుట్లు మార్చే చుట్టును అది మిల్లీసెకన్లలో ముగించాలి. చాలా పాత మోడళ్లలో నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్లను (సమాచారపు చిన్న పొట్లాలను) చూసుకునేది కూడా ఆ ప్రాసెసరే. ప్యాకెట్లు పోటెత్తితే చుట్టు ఆలస్యమవుతుంది, వాచ్‌డాగ్ (ఆలస్యాన్ని కనిపెట్టే టైమర్) పడుతుంది, పీఎల్‌సీ ఫాల్ట్‌లోకి పోతుంది. రెండో రకం దాడికి అంత వరద కూడా అక్కర్లేదు. ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్) రాసినవాళ్లు ఊహించని ఆకారంలో ఒక్క ప్యాకెట్ వచ్చినా పరికరం బిగుసుకుపోతుంది. ఇక పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మనలో చాలామంది వాడే మోడ్‌బస్ పద్ధతి 1979లో పుట్టింది. అడిగేది ఎవరో అది చూడదు. నెట్‌వర్క్‌లో దాని తలుపు లాంటి 502 నంబరు పోర్టు దాకా రాగలిగినవాడు ఏ విలువ రాయమంటే అది రాసేస్తుంది.

రెండో రకానికి కమిటీ అన్ని శిక్షణల్లోనూ చెప్పిన ఉదాహరణ ఉక్రెయిన్‌ది. 2016 డిసెంబర్ 17 అర్ధరాత్రికి కాస్త ముందు కీవ్ దగ్గరి సబ్‌స్టేషన్ ఒకటి ఆగింది. నగరంలో దాదాపు ఐదో వంతు విద్యుత్ గంటసేపు పోయింది. ఆ దాడిలో వాడిన ఇండస్ట్రాయర్ అనే మాల్‌వేర్‌ను 2017 జూన్‌లో ఈసెట్ అనే సైబర్ భద్రత సంస్థ బయటపెట్టింది. అందులో సీమెన్స్ సిప్రోటెక్ రక్షణ రిలేల (లైన్‌లో లోపం వస్తే విద్యుత్ ఆపే పరికరాల) కోసమే రాసిన ముక్క ఒకటి ఉంది. యూడీపీ 50000 పోర్టుకు తయారుచేసిన ప్యాకెట్ పంపితే రిలే స్పందించడం మానేస్తుంది, మనిషి వెళ్లి చేత్తో రీబూట్ చేస్తే తప్ప లేవదు. ఆ లోపానికి సీమెన్స్ 2015 జులైలోనే కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. అంటే దాడి నాటికి మందు వచ్చి ఏడాదిన్నర కావస్తోంది. కోడ్‌లో ఐపీ అడ్రసులు తిరగబడటంతో ఆ ప్యాకెట్లు రిలేలకు చేరనే లేదని తర్వాత డ్రాగోస్ అనే భద్రత సంస్థ విశ్లేషణలో తేలింది. దాడి చేసినవాళ్ల పొరపాటు వల్ల రిలేలు బతికిపోయాయి. మనం దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

నిజం చెప్పాలంటే మనకు ఇంతకంటే దగ్గరగా ఉన్నది అమెరికాలో అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ కథ. 2006 ఆగస్టు 19న అక్కడి అణు విద్యుత్ కేంద్రంలో మూడో యూనిట్ రీసర్క్యులేషన్ పంపులు రెండూ ఆగాయి, ఆపరేటర్లు రియాక్టర్‌ను చేత్తో షట్‌డౌన్ చేశారు. కంట్రోల్ నెట్‌వర్క్‌లో ట్రాఫిక్ మితిమీరి, పంపుల వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) కంట్రోలర్లు ఉలుకూ పలుకూ లేకుండా పోయాయి. అదే నెట్‌వర్క్ మీదున్న ఇంకో పీఎల్‌సీ కూడా ఫెయిలైంది. దాడి అని ఎవరూ అనలేదు. అణు కేంద్రంలోనే ఇలా జరిగితే, నెట్‌వర్క్ స్విచ్‌లు (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు) ఎప్పుడు పెట్టామో గుర్తులేని మన షెడ్ల సంగతి వేరే చెప్పాలా?

మన వాడలోనే జరిగిన ఒకటి ఆ యజమాని అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాను. రాత్రి షిఫ్టులో హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే తెర) మారుస్తూ ప్యానెల్‌లో వేలాడుతున్న కేబుల్‌ను ఖాళీగా కనబడ్డ పోర్టులో పెట్టారు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. లూప్ పడింది, బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు (అందరికీ పోయేవి) గిరగిరా తిరగడం మొదలైంది, నిమిషంలోపే డ్రైవ్‌లన్నీ కమ్యూనికేషన్ ఫాల్ట్‌తో ట్రిప్ అయ్యాయి. ఎలక్ట్రీషియన్లు తెల్లవార్లూ కాంటాక్టర్లు విప్పి చూశారు, కేబుళ్ల ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో పరీక్షించారు. స్విచ్ లైట్లన్నీ ఒకేలా కొట్టుకుంటున్న సంగతి పొద్దున వచ్చిన కుర్రాడు గమనించాడు. కాస్త ఖరీదైన మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) ఉండి, అందులో లూప్ రక్షణ, స్టార్మ్ కంట్రోల్ (ప్యాకెట్ల వరదకు అడ్డుకట్ట) ఆన్ చేసి ఉంటే ఆ పోర్టు ఒక్కటే మూతపడేది.

ఈ ఏడాది చేసిన పని

మొదటి పని రిజిస్టర్. ప్రతి యూనిట్‌లో నెట్‌వర్క్‌కు తగిలించిన పరికరాలు ఏవి, మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఐపీ అడ్రస్, ఏ ప్యానెల్‌లో ఉంది, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఎవరిది, ప్రోగ్రామ్ బ్యాకప్ ఎక్కడుంది. చెప్పడానికి తేలికే. చివరి గడి దగ్గర చాలా యూనిట్లు తెల్లమొహం వేశాయి. మెషీన్ ఇచ్చిన వెండర్ ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుని పోయాడు, పీఎల్‌సీ కాలిపోతే మళ్లీ అతనే దిక్కు. ఇది భద్రత కంటే ముందు వ్యాపార సమస్య. కొత్త కొనుగోలు ఆర్డర్లలో సోర్స్ ప్రోగ్రామ్, పాస్‌వర్డ్ అప్పగించాలన్న షరతు లేకుండా ఆఖరి వాయిదా చెల్లించవద్దని కమిటీ గట్టిగా చెబుతోంది. ఒకరిద్దరు వెండర్లు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి.

రెండోది ఇంటర్నెట్ నుంచి విడదీయడం. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో బాయిలర్ ప్రెషర్ చూసుకోవాలన్న సరదాతో రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి పరికరానికి నేరుగా దారి) పెట్టించుకున్నవాళ్లు మనలో ఉన్నారు. ఫైర్‌వాల్ (బయటి రాకపోకలను అడ్డుకునే పెట్టె) కొని ఇలా చేయడం తలుపుకు తాళం వేసి తాళంచెవి గడప మీద పెట్టడమే. షోడాన్ లాంటి సర్చ్ ఇంజిన్లు 2009 నుంచీ ఇలాంటి తెరిచిన పోర్టులనే వెతికి జాబితా వేస్తున్నాయి. అడిగిన యూనిట్లన్నింటిలో వీటిని మూయించి, వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) ద్వారా మాత్రమే దారి ఇచ్చాం. వెండర్ రిమోట్ సర్వీస్ కోసం పెట్టిన 4జీ రౌటర్లకు పవర్ స్విచ్ పెట్టించాం. పని ఉన్నప్పుడు ఆన్, అయిపోగానే ఆఫ్.

వీపీఎన్ పెట్టగానే పని అయిపోదు. గేటు దగ్గరి పెట్టెకు కూడా ఇదే జబ్బు వస్తుంది. 2019 మార్చి 5న అమెరికాలో ఎస్‌పవర్ అనే సౌర, పవన విద్యుత్ సంస్థ ఫైర్‌వాల్‌లను బయటివాళ్లు తెలిసిన లోపంతోనే పదేపదే రీబూట్ చేయించారు. సుమారు పది గంటలపాటు, ఒక్కోసారి ఐదు నిమిషాల లోపు, కంట్రోల్ సెంటర్‌కూ సైట్లకూ మధ్య మాట తెగిపోతూ వచ్చింది. ఫైర్‌వాల్ ఫర్మ్‌వేర్ తేదీ కూడా రిజిస్టర్‌లో చేర్చింది ఇందుకే.

మూడోది సీసీ కెమెరాలు. ఇది మేం ఊహించలేదు. కెమెరాలు, పీఎల్‌సీలు ఒకే స్విచ్‌లో ఉన్న చోట వీడియో మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా చోట్లకు పంపే ట్రాఫిక్) అంతా పీఎల్‌సీ పోర్టులకూ పోతోంది. కెమెరాలను వేరే వీల్యాన్‌లోకి (అదే స్విచ్‌లో విడిగా కట్టిన నెట్‌వర్క్‌లోకి) మార్చాక, నెలల తరబడి వేధించిన హెచ్‌ఎంఐ కమ్యూనికేషన్ ఎర్రర్లు కొన్ని యూనిట్లలో వాటంతటవే పోయాయి.

శిక్షణకు వస్తే, సంఘం హాల్లో బల్ల మీద ఒక సభ్యుడు ఇచ్చిన పాత పీఎల్‌సీని, దానికి మూడు బల్బులను పెట్టాం. బల్బులు వరసగా వెలిగి ఆరుతున్నాయి. పక్కనే ల్యాప్‌టాప్ నుంచి ప్యాకెట్లు గుప్పించడం మొదలుపెట్టగానే ముందు హెచ్‌ఎంఐలో అంకెల స్థానంలో గీతలు వచ్చాయి, ఆ తర్వాత బల్బులు ఆగాయి, రన్ అనే ఆకుపచ్చ లైటు పోయి ఎర్రది కొట్టుకుంది. కేబుల్ పీకేశాం. "కేబుల్ తీసేసినం కదన్నా, ఇంకా ఎర్రలైటేంది?" అని వెనక నుంచి ఒక ఆపరేటర్ అడిగాడు. పవర్ తీసి వేస్తేగానీ అది లేవలేదు. మేనేజ్డ్ స్విచ్ మధ్యలో పెట్టి, ప్యాకెట్ల వేగానికి హద్దు కట్టి మళ్లీ చేస్తే బల్బులు తమ పని తాము చేసుకుపోయాయి. స్లైడ్లు చూపించిన సెషన్లలో సెల్‌ఫోన్లు చూసుకున్నవాళ్లు కూడా ఈ బల్ల చుట్టూ మూగారు. వచ్చే ఏడాది స్లైడ్లు తగ్గిస్తాం.

ఆడిట్ పేరుతో వచ్చి నడుస్తున్న ప్లాంటులో నెట్‌వర్క్ స్కాన్ చేస్తామనే కన్సల్టెంట్లను మాత్రం లోపలికి రానివ్వకండి. ఒక నెట్‌వర్క్‌లో పింగ్ స్వీప్ (ఏ పరికరాలు ఉన్నాయో వరసగా పలకరించి చూడడం) చేసినందుకే తొమ్మిది అడుగుల రోబో చెయ్యి ఒక్కసారిగా సగం చుట్టు తిరిగిన సంఘటనను అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తన మార్గదర్శకాల్లో రాసింది. అదృష్టం కొద్దీ గదిలో ఉన్న మనిషి దానికి అందలేదు. స్కాన్ చేయాలంటే షట్‌డౌన్‌లోనే చేయాలి, లేదా స్పేర్ పరికరం మీద చేయాలి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ల విషయంలో అనుకున్నంత జరగలేదు. షట్‌డౌన్ దొరకాలి, బ్యాకప్ ఉండాలి, అప్‌డేట్ తర్వాత ప్రోగ్రామ్ నడవకపోతే ఎలా అన్న టెన్షన్ ఒకటి. అందుకే అప్‌డేట్ చేయలేని పాత పీఎల్‌సీల ముందు చిన్న ఇండస్ట్రియల్ ఫైర్‌వాల్ పెట్టి, హెచ్‌ఎంఐ, స్కాడా (ప్లాంటు అంతటినీ ఒకచోటి నుంచి గమనించి నడిపే వ్యవస్థ) కంప్యూటర్ల అడ్రసులకు తప్ప ఇంకెవరికీ దారి లేకుండా చేయడమే సరైన మార్గమని నా అభిప్రాయం. సీమెన్స్ ప్రతి నెలా రెండో మంగళవారం లోపాల ప్రకటనలు ఇస్తుంది. వాటిని రిజిస్టర్‌తో పోల్చి సంబంధిత యూనిట్లకు కబురు చేసే పని ఇద్దరు యువ సభ్యులు తీసుకున్నారు.

చట్టం సంగతి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డినయల్ ఆఫ్ సర్వీస్ దాడులు, స్కాడా వ్యవస్థల మీద దాడులు తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. చిన్న, మధ్య తరహా పరిశ్రమలకు ఇచ్చిన గడువు 2022 సెప్టెంబర్ 25తోనే ముగిసింది. పరువు పోతుందని దాచిపెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఈ సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, వాడలో తరచుగా వాడే పీఎల్‌సీ, స్విచ్ మోడళ్ల స్పేర్లను సంఘం తరఫున కొని ఉమ్మడిగా ఉంచడం. రెండు, అందుకు ఒక్కసారికి మాత్రమే ప్రత్యేక చందా. రిజిస్టర్‌లో ఫర్మ్‌వేర్ గడి ఇంకా ఖాళీగా ఉన్న యూనిట్లవారు పరికరం నేమ్‌ప్లేట్, హెచ్‌ఎంఐ సిస్టమ్ స్క్రీన్ ఫొటోలు ఫోన్‌లో తీసుకురండి. హాలు ముందు బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని నింపి ఇస్తారు.

— కార్యదర్శి