ఉగ్గాని గుట్టు చెప్పిన అన్నకు

కర్నూలులో టిఫిన్ బండి దగ్గర ప్లేటు చేతిలో ఉండగానే, బొరుగులతో (మరమరాలతో) చేసే ఉప్మాలాంటి ఉగ్గాని గుట్టు విప్పిన అన్నా, పేరైనా అడగలేదు, నీకు వేల దండాలు. బొరుగులు నానబెట్టేవి కావు, ముంచి తీసేవి. అర నిమిషం దాటితే ముద్దే. గుప్పెడు గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. నీళ్లు మిగిలితే పోపులో పడగానే మెత్తబడిపోతాయి. నలుగురికి పావు కిలో బొరుగులు, మూడు ఉల్లిపాయలు, ఆరేడు పచ్చిమిరపకాయలు, కాస్త పసుపు. పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి కొట్టిన పొడి నాలుగు చెంచాలు, అదీ పొయ్యి ఆపినాకే అంటివి చూడు, కిటుకంతా అక్కడే ఉంది! ముందే వేస్తే అడుగంటి మాడువాసన కొడుతుంది. నిమ్మరసమూ దించినాకే. పక్కన మిరపకాయ బజ్జీ సంగతి నువ్వు చెప్పలేదు. కర్నూలులో అది చెప్పాల్నా ఏంది?